'ఆడవాళ్ళ కథలు' అర: సరుకు మంచిదే, చీటీని నమ్మొద్దు (తిరుపతి పాత పుస్తకాల అంగడి)

గోవిందరాజస్వామి గుడి వైపు సందులో ఉన్న ఈ అంగడికి అయిదుకు మూడు మార్కులు. తెలుగు కథల పుస్తకాలు రెండు బీరువాల నిండా ఉన్నాయి. అచ్చు వేసిన ధరలో సగానికి ఇస్తారు, అట్ట ఊడినవైతే ఇంకా తగ్గిస్తారు. కథల్లో ఆడవాళ్ళను ఎట్ల చూపించారో పద్మావతి మహిళా యూనివర్సిటీలో ప్రాజెక్టు పని చేసే పిల్లలకు బాగా పనికొస్తుంది.

తగ్గిన రెండు మార్కులూ సర్దిన తీరుకే. స్కెచ్ పెన్నుతో 'ఆడవాళ్ళ కథలు' అని చీటీ అంటించిన అరలో ముగ్గుల పుస్తకాలు, పచ్చళ్ళ పుస్తకాలు కూడా దూర్చారు. రాసింది ఆడమనిషైతే ఈ అర, మగవాడైతే పక్క బీరువా. దాంతో భండారు అచ్చమాంబ 1902లో రాసిన 'ధనత్రయోదశి' ఒక మూల, గురజాడ 1910లో రాసిన 'దిద్దుబాటు' ఇంకో మూల. పక్కపక్కన పెట్టుకుని చదవాల్సిన కథలవి. మొదటిదాంట్లో భర్త తెచ్చిన దొంగసొమ్మును భార్య కాదంటుంది. రెండోదాంట్లో భార్య కమలిని కథంతా కనబడకుండానే ఉత్తరంతో, చివర మంచం కింది నవ్వుతో పని జరిపిస్తుంది. రాసింది ఎవరైనా, మొగుణ్ణి దిద్దే చాకిరీ మాత్రం పెళ్ళాం మీదే పడింది.

ఏ సంపుటం కొనాలో తేలకపోతే నిలబడి ఏదో ఒక కథలో రెండు పేజీలు చదవండి, క్రియల మీద కన్నేయండి. మన భాషలో ఆమె వచ్చింది, కుక్కా వచ్చింది; మగవాడికే 'వచ్చాడు' అని విడిగా ఉంది. ఆడమనిషికి మర్యాద దక్కాలంటే 'వచ్చారు' అనాల్సిందే. ఆ 'రు' ఎవరికి దక్కిందో చూడండి. ఆయన వచ్చారు, అత్తగారు వచ్చారు, టీచరమ్మ వచ్చారు. భార్య మాత్రం పది పేజీల పొడుగునా వచ్చింది, వడ్డించింది, ఏడ్చింది. పనిమనిషి దగ్గరికొచ్చేసరికి ఏకంగా 'అది'. తర్వాత పిలుపులు. 'ఏమండీ' అంటే 'ఒసేయ్' అని జవాబొస్తోందా? ఒక్క జాగ్రత్త: మన తిరుపతి పక్క కథల్లో 'ఏమ్మే' కనబడగానే తిట్టు కింద జమకట్టొద్దు. పల్లెల్లో అది చనువు, ఆడవాళ్ళు ఒకరినొకరు అట్లనే పిలుచుకుంటారు. కోస్తా వాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు.

ఇల్లాలి పేరు ఎన్నో పేజీలో వచ్చిందో కూడా చూసుకోండి. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథ అంతా ఇంటి పనిలో పడి సొంత పేరు మరిచిపోయిన ఇల్లాలిదే. అది ఉన్న సంపుటం చేతికి తగిలితే వదలొద్దు.

పై అరలో బైండు పుస్తకాలున్నాయి, అవే అసలు సరుకు. వారపత్రికల్లోంచి కథలు కత్తిరించి ఇళ్ళల్లో కుట్టించుకున్నవి. కాకపోతే బైండరు అంచులు కోసేటప్పుడు పత్రిక పేరు, తేదీ ఉన్న అడుగు వరస కూడా ఎగిరిపోతుంది. తేదీ లేని కథ ప్రాజెక్టుకు కొరగాదు. భార్య సర్దుకుపోయే ముగింపు 1955లో వచ్చిందా, 1995లో వచ్చిందా అన్నదాన్ని బట్టి చెప్పాల్సిన మాటే మారిపోతుంది. వెనక పేజీలో సబ్బు ప్రకటనో, సినిమా బొమ్మో ఉంటే దశాబ్దం వరకు పోల్చుకోవచ్చు, అంతకుమించి నమ్మకం లేదు. మామూలు సంపుటాల్లో కథ చివర ఏడాది వేసినవే తీసుకోండి. లోపలి పేజీలో ఉండేది చాలాసార్లు పునర్ముద్రణ ఏడాది.

డబ్బులిచ్చే ముందు పేజీల అంకెలు తిప్పి చూడాలి. ఫారం అంటే ఒకే కాగితం మీద అచ్చేసి మడిచిన పేజీల కట్ట, సాధారణంగా ఫారానికి 16 పేజీలు. 16 తర్వాత 33 వచ్చిందంటే మధ్యలో ఒక ఫారం ఊడిపోయినట్టే. న్యూస్‌ప్రింటు పుస్తకాన్ని వెనక్కి విరిచి తెరవొద్దు, వెన్ను దగ్గర పెళుసుగా విరుగుతుంది.

ఫోనులో అడిగితే వెతికి చెప్పే ఓపిక ఈ అంగడాయనకు లేదు. డబ్బు వాపసు ఇవ్వరు, పుస్తకానికి పుస్తకం మార్పిడి ఉంది. అదీ బిల్లు మీద పుస్తకం పేరు రాయించుకుంటేనే.