మే నెలలో గోదావరి జిల్లాలు: మా మధ్యాహ్నాలు ఎక్కడ గడిచాయంటే

ఈ వేసవి సెలవుల్లో పదకొండు రోజులు రాజమండ్రి, మారేడుమిల్లి, పాపికొండలు, కోనసీమ తిరిగి వచ్చాం. మేమిద్దరం, పన్నెండేళ్ల అమ్మాయి, ఏడేళ్ల అబ్బాయి, డెబ్బై దాటిన మా అత్తయ్య. వెళ్లేముందు నేను చూసిన ఫొటోలన్నీ పొద్దున తీసినవో సాయంత్రం తీసినవో. మే నెల ఎండలో పదకొండింటి నుంచి నాలుగున్నర దాకా పెద్దవాళ్లని, పిల్లల్ని పెట్టుకుని ఎక్కడ తలదాచుకోవాలో ఎవరూ రాయలేదు. తిరిగొచ్చాక ఆలోచిస్తే మాకు నచ్చిన చోట్లన్నీ మధ్యాహ్నం హాయిగా గడిచిన చోట్లే. అందుకే ఇక్కడ ప్రతి బసనీ ఆ కొలతతోనే చెబుతున్నాను.

ముందు రైలు సంగతి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. 2024 నవంబరు దాకా ఇది 120 రోజులు ఉండేది. వేసవిలో గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి గిరాకీ ఎక్కువ కాబట్టి తెరిచిన రోజు పొద్దున్నే కూర్చుని చేశాం. అత్తయ్యకి కింది బెర్తు తప్పనిసరి. పెద్దవాళ్ల కింది బెర్తు కోటా వాళ్లు ఒక్కరే గానీ, అలాంటివాళ్లే ఇద్దరు గానీ ఒక టికెట్ మీద ఉంటేనే పనిచేస్తుంది. అందరితో కలిపి ఒకే టికెట్ తీస్తే ఆ కోటా వర్తించదు. అందుకని ఆవిడకి విడిగా తీశాం. కింది బెర్తు వచ్చింది, కానీ బోగీ వేరే వచ్చింది! రాత్రంతా ఆవిడ ఒక్కతే ఎలా ఉంటుందోనని నాకు ఒకటే బెంగ. ఆవిడ ఎదుటి బెర్తు కుర్రాడు మా సంగతి విని, "మీరిక్కడ పడుకోండి సార్, నేను మీ సీట్లోకి వెళ్తా" అని బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. అలాంటివాళ్లు ప్రతిసారీ దొరకరు. విడిగా టికెట్ తీసేవాళ్లు బోగీ మారే అవకాశాన్ని ముందే లెక్కలో పెట్టుకోండి.

రాజమండ్రిలో తెల్లవారకుండానే దిగాం. ఆన్‌లైన్‌లో గది తీసుకున్న లాడ్జీ వాళ్లు పొద్దున ఎప్పుడొచ్చినా ఇస్తామని ఫోన్‌లో చెప్పారు. తీరా వెళ్తే పన్నెండు దాటాకే అన్నారు. రిసెప్షన్‌లో మూడు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్యాను. అత్తయ్య కాళ్లు అప్పటికే వాచి ఉన్నాయి. ఎంత అడిగినా లాభం లేకపోయింది. చివరికి మళ్లీ స్టేషన్‌కే వచ్చి రిటైరింగ్ రూమ్ అడిగితే అదృష్టం కొద్దీ ఒకటి ఖాళీగా ఉంది. మీరైతే మా లాగా అదృష్టం మీద ఆధారపడకండి. పీఎన్‌ఆర్ ఉంటే రిటైరింగ్ రూమ్‌ని ఐఆర్‌సీటీసీలో ముందుగానే తీసుకోవచ్చు. తెల్లవారుజాము రైళ్లకి అంతకన్నా మంచి ఉపాయం లేదు.

స్నానాలయ్యాక పుష్కర ఘాట్‌కి వెళ్లాం. ఆరున్నరకి గోదావరి మీంచి వచ్చే గాలి చల్లగా ఉంటుంది. 1900లో మొదలై 1997లో రైళ్లు ఆగిపోయిన హేవలాక్ వంతెన, దాని పక్కన విల్లుల వంతెన, ఎగువన 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన. మా వాడు వంతెన మీద పోయే ప్రతి రైలుకీ బోగీలు లెక్కపెట్టాడు. పది కాకముందే ధవళేశ్వరం బయల్దేరాం. కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఇప్పుడు మనం దాటేది దాని స్థానంలో తర్వాత కట్టిన బ్యారేజీ. కాటన్ మ్యూజియంలో ఆ ఆనకట్ట నమూనాలు ఉన్నాయి. పిల్లలతో వెళ్లేవాళ్లు అక్కడొక గంట ఉండండి. ఆ తర్వాత కోనసీమలో ప్రతి కాలువ దగ్గరా మా అమ్మాయి "ఇది ఏ పాయ నీళ్లమ్మా?" అని అడుగుతూనే ఉంది.

మారేడుమిల్లికి రాజమండ్రి నుంచి సుమారు 85 కిలోమీటర్లు. కారు మాట్లాడుకున్నాం. దారిలో రంపచోడవరం బోర్డు చూడగానే అమ్మాయి, "రంప పితూరీ ఇక్కడేనా?" అంది. 1882 మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయాన్ని అడ్డుకోవడం, ఆ కడుపుమంటలోంచి 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం నడవడం, చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడులు చేసి తుపాకులు పట్టుకుపోవడం, అన్నీ మా ఆయన కారులో చెబుతూ వచ్చారు. కిటికీ బయట అవే కొండలు ఉంటే ఆ పాఠం వేరేగా వినిపిస్తుంది.

మేం దిగింది వలమూరు వాగు దగ్గర కొండరెడ్డి గిరిజనులు వండి వడ్డించే ఒక అటవీ క్యాంపులో. నైలాన్ గుడారాలు, విడిగా బాత్రూములు. మారేడుమిల్లి చల్లగా ఉంటుందని అందరూ అంటారు. రాత్రి నిజంగానే దుప్పటి కావాల్సి వచ్చింది. కానీ మధ్యాహ్నం గుడారంలో రెండు నిమిషాలు కూడా కూర్చోలేం. పొయ్యి మీద మూతపెట్టినట్టే. చేరిన మొదటి గంటలో నేను చాలా భయపడ్డాను, అత్తయ్యని ఇక్కడికి తేవడం తప్పయిందని. వంట చేసే ఆవిడ మా మొహాలు చూసి, "గుడారంలో ఎందుకమ్మా, వాగు కాడికి పోండి. చాప ఇస్తాను, అన్నం ఆడికే తెస్తాం" అంది.

ఈ యాత్రలో మాకు దొరికిన అతి మంచి సేవ ఆ చాప. వాగు మీదికి వంగిన చెట్ల కింద దాన్ని పరిచాం. మే నెల కదా, నీళ్లు మోకాలి లోపే, అడుగున గులకరాళ్లు కనిపిస్తున్నాయి. అత్తయ్య ఒక బల్లపరుపు రాయి మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకున్నారు. వేలెడంత చేపపిల్లలు వచ్చి పాదాల్ని పొడుస్తుంటే చిన్నపిల్లలా కాళ్లు ముడుచుకుని నవ్వారు. మా వాడు రాళ్లు పేర్చి, ఆకులు దూర్చి తన ధవళేశ్వరం కట్టుకున్నాడు. నాలుగింటి దాకా ఒక్కసారి కూడా ఎవరూ ఫోను అడగలేదు. సిగ్నల్ కూడా లేదు, అది వేరే విషయం.

ఆ సాయంత్రమే బొంగులో చికెన్. పచ్చి వెదురు బొంగులో ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకులు దోపి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క వేయరు, బొంగులోని తేమతోనే ఉడుకుతుంది. శనివారం కాబట్టి అత్తయ్యకి విడిగా చింతచిగురు పప్పు చేసిపెట్టారు. నాకు ఆ పప్పే ఎక్కువ నచ్చింది.

క్యాంపులో ఇబ్బంది లేకపోలేదు. రాత్రిపూట బాత్రూముకి టార్చి వేసుకుని నడవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఒక రాత్రికి మించి ఉండలేరు. రెండో రాత్రికి మేం మారేడుమిల్లి ఊళ్లో గదికి మారిపోయాం. దోమల మందు, ఓడోమాస్ తప్పకుండా పట్టుకెళ్లండి, ఏజెన్సీలో మలేరియాని తేలిగ్గా తీసుకోకూడదు. గుడిస కొండకి తెల్లవారుజామున జీపులో వెళ్లొచ్చాం. సూర్యోదయం బాగుంది, గాలి బాగుంది, కానీ ఫొటోల్లో కనిపించే పచ్చగడ్డి వానలు పడ్డాక మొలిచేది. మేలో అంతా ఎండుగడ్డే. ఒళ్లు హూనమయ్యే ఆ దారిలో ఈ నెలలో వెళ్లమని నేను చెప్పను.

పాపికొండలకి గండిపోచమ్మ గుడి దగ్గర బోటు ఎక్కాం. ఇక్కడ మధ్యాహ్నం మొత్తం నీళ్ల మీదే, తప్పించుకునే దారి లేదు. అందుకని కింది అంతస్తులో కిటికీ పక్క సీట్లు అడిగి తీసుకోండి. పైన రేకు కప్పు వేడి భరించడం కష్టం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదం తర్వాత నిబంధనలు గట్టిపడ్డాయి. మా బోటులో లైఫ్ జాకెట్ వేసుకోనిదే బయల్దేరలేదు. ఉక్కగా ఉందని ఒకాయన విప్పబోతే బోటు నడిపే సరంగు వచ్చి, "ఆయ్, తమరు వేసుకుంటేనే అండి బోటు కదిలేది" అని నిలబడ్డాడు. ఆ మాట నాకెంతో నచ్చింది. నచ్చనిది మాత్రం స్పీకర్లు. రెండు కొండల మధ్య గోదావరి సన్నగా ఒదిగి పారే చోట, అందరూ మాట్లాడ్డం మానేసి చూడాల్సిన చోట, సినిమా పాటలకి డాన్సు పోటీ పెట్టారు. అత్తయ్యకి తలనొప్పి వచ్చిందని చెబితే కాసేపు తగ్గించారు, మళ్లీ పెంచారు. ఏ బోటువాళ్లైనా పాటలు లేని ప్రయాణం ఒకటి నడిపితే ఇంకో వంద ఎక్కువిచ్చి ఎక్కేవాళ్లు బోలెడుమంది ఉంటారు.

పోలవరం కారణంగా దేవీపట్నం వైపు ఊళ్లు ఖాళీ అయి పునరావాస కాలనీలకు వెళ్లిపోయాయి. నీళ్లలోంచి మోడు ఒకటి కనిపిస్తే సరంగు, "అది మా పెదనాన్నగారి చేలో చెట్టండి" అన్నాడు. ఆ మాట తర్వాత పాపికొండలు నాకు ఇంకోలా కనిపించాయి.

అక్కణ్నుంచి రావులపాలెం మీదుగా కోనసీమ, రాజోలు దగ్గర మా పెద్దమ్మ ఇల్లు. ఒక విషయం ముందే చెప్పాలి. మేలో కోనసీమ కాలువలు ఎండిపోయి ఉంటాయి. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయ్యాక మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. చేలన్నీ మోళ్లే. పచ్చని చేలు, నిండు కాలువలు చూడాలని వచ్చేవాళ్లు నిరాశపడతారు. ఇప్పుడు ఉండేది కొబ్బరితోటల నీడ, మామిడిపళ్లు, తాటిముంజలు. మాకు అవే కావాలి కాబట్టి సరిపోయింది.

పిల్లలు దిండిలో రిసార్టు కావాలని పేచీ పెడితే ఒక రాత్రి ఏటి ఒడ్డున గది తీసుకుందామనుకున్నాం. పెద్దమ్మ వినగానే, "ఇల్లుండగా లాడ్జీ ఏంటే అమ్మలూ? ఊళ్లో వాళ్లకి నేనేం చెప్పను?" అంది. మానేశాం. అయితే చుట్టాలిల్లు ఊరికే దొరికే బస కాదు. అరవై ఎనిమిదేళ్ల మనిషి మీద అయిదుగురి వంట, మంచినీళ్లు, పక్కలు పడతాయి. అందుకని మొదటి పూటే పనులు పంచుకున్నాం. కూరగాయలు, చేపలు తేవడం మా ఆయన పని. "అల్లుడుగారు సంచీ పట్టుకుని సంతకెళ్లడమేంటండీ" అని రెండు రోజులు నొచ్చుకుంది, మూడో రోజు చీటీ రాసిచ్చింది. నాలుగు రోజులు హాయిగా ఉండగలిగామంటే అందుకే.

ఆ ఇంట్లో మధ్యాహ్నాలు ఎలా ఉండేవో చెబుతాను. పెంకుటిల్లు, మట్టి గోడలు, వెనక వసారాలో నులక మంచాలు. పదకొండింటికల్లా భోజనాలు అయిపోయేవి. తడిపిన గోనెపట్టాలు కిటికీలకు కట్టేవాళ్లం. మేం వెళ్లేసరికి పెద్దమ్మ మాగాయ పెడుతోంది. చెక్కు తీసిన ముక్కలు ఉప్పు, పసుపులో మూడు రోజులు ఊరాక పిండి, చాప మీద పల్చగా ఆరబోస్తుంది. ఊటని విడిగా రాచిప్పలో పోసి అదీ ఎండలోనే పెడుతుంది. కాకులు రాకుండా కర్ర పట్టుకుని కాపలా మా వాడిది. ఎండిన ముక్క ఒకటి నోట్లో వేసుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాడు, మళ్లీ ఇంకోటి తీసుకున్నాడు. "వదినగారూ, మీవైపు మెంతిపిండి ఎక్కువేస్తారా?" అని పెద్దమ్మ, "లేదండీ, ఆవపిండి కూడా కలుపుతాం" అని అత్తయ్య, ఇద్దరూ వసారాలో మూడు మధ్యాహ్నాలు దాని మీదే మాట్లాడుకున్నారు. మా పెళ్లిలో తప్ప ఎప్పుడూ రెండు మాటలు కూడా మాట్లాడుకోని మనుషులు వాళ్లు.

అంతర్వేదికి ఆరింటికే వెళ్లాం. లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు చూసి తొమ్మిదికల్లా వెనక్కి తిరిగాం. ఆ తర్వాత ఇసక మీద అడుగు పెట్టలేరు. సఖినేటిపల్లి రేవులో ఏరు దాటించే పంటు ఎక్కి నరసాపురం వెళ్తే అక్కడ మా మేనత్త. ఆటోలు, మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, మనుషులు అన్నీ ఒకే పంటు మీద. అత్తయ్యకి కూర్చోడానికి ఒక చేపలామె తన బుట్ట పక్కకి జరిపి పీట వేసింది. డబ్బులిచ్చి ఎక్కిన బోటు కన్నా పిల్లలకి ఈ పదినిమిషాల పంటే నచ్చింది. మేనత్త నరసాపురం లేసు అల్లుతుంది. మా అమ్మాయికి క్రోషియా సూది చేతికిచ్చి గొలుసు కుట్టు నేర్పింది. ఆ మధ్యాహ్నం కూడా అలా గడిచింది.

తిరుగు ప్రయాణంలో ఆత్రేయపురం ఆగాం. అక్కడి పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్కసారి ఇలా పరిచి లాగేసరికి కాగితం కన్నా పల్చని రేకు. బయట మండే ఎండ, లోపల ఆ మంట, రేకులు తీసే ఆవిడ నుదుటి చెమట కొంగుతో తుడుచుకుంటూ రేకు మీద రేకు తీస్తూనే ఉంది. మేం బేరం ఆడలేదు.

రైలెక్కేటప్పుడు పెద్దమ్మ ఫోన్ చేసింది, సంక్రాంతికి వస్తే కాలువలు నిండుగా ఉంటాయనీ, దాళ్వా నాట్లు పడుతుంటాయనీ. పండగ టికెట్లు నవంబరు రెండో వారంలో తెరుచుకుంటాయి. అత్తయ్య ఇప్పుడే క్యాలెండరులో ఆ వారానికి సున్నా చుట్టి పెట్టారు.