మెటల్ బ్యాండ్‌సా ఆన్‌లైన్‌లో కొన్నారా? ప్లగ్ పెట్టే ముందు ఇది చూడండి

ఇంట్లో చిన్న వర్క్‌షాప్ కోసం నాలుగున్నర అంగుళాల మెటల్ బ్యాండ్‌సా (పట్టీలా చుట్టూ తిరిగే బ్లేడుతో ఇనుము కోసే రంపం) తెప్పించుకుంటున్న వాళ్లు, దయచేసి పెట్టె విప్పగానే స్విచ్ వెయ్యకండి. "టెస్ట్ చేసి పంపుతాం, నేరుగా వాడుకోవచ్చు" అని రాసుకున్న అమ్మకందారు నాకు పంపిన మెషిన్‌లో ఎర్త్ వైరు అసలు బిగించనే లేదు, టేపు చుట్టి మోటారు టెర్మినల్ డబ్బాలోకి తోసేశారు. బయటికి మూడు పిన్నుల ప్లగ్గే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. బాడీ మొత్తం ఇనుము, పట్టుకునేదీ ఇనుమే, లోపల ఎక్కడైనా ఇన్సులేషన్ దెబ్బతింటే ప్రాణాలే పోతాయి.

ప్లగ్ బయటే ఉంచి, మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో (తీగ కలిసి ఉంటే బీప్ కొట్టే సెట్టింగులో) పెట్టి, ఎర్త్ పిన్నుకీ బాడీ మీద రంగు లేని చోటుకీ మధ్య చూడండి. బీప్ రాలేదా, ఎలక్ట్రీషియన్ వచ్చి సరిచేసే దాకా ముట్టుకోవద్దు.

తర్వాత గేర్‌బాక్స్ మూత విప్పండి. నాదాంట్లో నూనె లేదు, ఇనుప రజను మాత్రం ఉంది. అలాగే తిప్పితే లోపలి వర్మ్ గేరు (మోటారు వేగాన్ని తగ్గించే మరలాంటి గేరు) అరిగిపోతుంది, అప్పుడు "మీరే పాడు చేశారు" అంటారు.

గైడ్ బేరింగులు (బ్లేడుని రెండు వైపులా పట్టి నిటారుగా ఉంచేవి) సర్దుకోవడం ఈ సైజు మెషిన్లలో ఎవరికైనా తప్పదు, దాని మీద నాకు కోపం లేదు. కానీ బేరింగుని బ్లేడు దగ్గరికి జరిపే ఎక్సెంట్రిక్ పిన్నుని పూర్తిగా తిప్పినా బేరింగు బ్లేడుకి ఆనడం లేదు, బ్లేడు పక్కకి వాలిపోయి కోత వంకరగా వస్తోంది. ఇది తయారీ లోపం అని ఫొటోలతో సహా పంపితే, "సెట్టింగ్ కస్టమర్ పని" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు, ఎర్త్ సంగతికి జవాబే లేదు!

బ్లేడు కూడా చూసుకోండి. 5 మి.మీ. మందం ఉన్న యాంగిల్‌కి అంగుళానికి 14 పళ్లు సరిపోతాయి, 2 మి.మీ. మందం గోడ ఉన్న పైపుకి 24 ఉంటే మేలు. వీళ్లు ఇచ్చిన ముతక పళ్ల బ్లేడు పలుచటి పైపులో ఇరుక్కుని పళ్లు రాల్చుకుంది.

పెట్టె విప్పుతున్నప్పుడే వీడియో తీయండి, టెర్మినల్ డబ్బా, గేర్‌బాక్స్ కూడా అందులో కనపడాలి. జీఎస్టీ బిల్లు లేకుండా కొనకండి. అమ్మినవాళ్లు పలకకపోతే 1915కి (జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్) ఫోన్ చెయ్యండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వెయ్యొచ్చు, అమ్మకందారు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. నేను 1915లో ఫిర్యాదు ఇచ్చాను, డబ్బు ఇంకా వెనక్కి రాలేదు.