కరీబియన్‌లో మా డింగీ, 15 హార్స్‌పవర్ మోటారు: కొన్నేళ్ల వాడకం తర్వాత

మేమిద్దరం తెరచాప పడవ మీదే ఉంటాం. గ్రెనడా, సెయింట్ లూసియా మధ్య దీవుల్లో తిరుగుతూ దాదాపు ఎప్పుడూ లంగరు మీదే గడుపుతాం. కూరగాయలకు, మంచినీళ్లకు, డీజిల్‌కు ఒడ్డుకెళ్లాలంటే డింగీయే, అంటే పెద్ద పడవ వెంట ఉండే చిన్న పడవే దిక్కు. మాది అల్యూమినియం అడుగు, హైపలాన్ (సింథటిక్ రబ్బరు పూసిన గుడ్డ) గాలి ట్యూబులు ఉన్న 3.1 మీటర్ల డింగీ. మోటారు యమహా 15, టూ-స్ట్రోక్.

హైపలాన్ ఖరీదెక్కువే. పీవీసీ చవక, చల్లటి దేశాల్లో చాలా ఏళ్లు నడుస్తుంది. ఇక్కడి ఎండకు మాత్రం అతుకుల దగ్గర జిగురు వదిలేస్తుంది. మేం ట్యూబుల మీద గుడ్డ తొడుగు కూడా కుట్టించాం. అల్యూమినియం అడుగు రాళ్ల ఒడ్డు మీదకి లాగినా సొట్ట పడుతుందేమో గానీ పగలదు, పైగా ఫైబర్‌గ్లాస్ కన్నా తేలిక.

ఇక మోటారు. 8 హార్స్‌పవర్ చాలదా అని చాలామంది అడుగుతారు. ఒక్కరే వెళ్తే చాలు. ఇద్దరు మనుషులు, నీళ్ల డబ్బాలు, సరుకులు ఉంటే డింగీ నీటి మీదకి లేవదు, అలల్ని తోసుకుంటూ ఈదుతుంది. ఎదురుగాలిలో అలా వెళ్తే ఒడ్డు చేరేసరికి బియ్యంతో సహా అన్నీ తడుస్తాయి. 15 అయితే ఆ బరువుతోనూ లేచి పరుగెత్తుతుంది.

టూ-స్ట్రోక్ పొగ, వాసన నాకూ నచ్చవు. పాత బజాజ్ చేతక్‌లా లీటరు పెట్రోలుకు 20 మి.లీ. ఆయిల్ కలుపుకోవాలి, పెట్రోలు కూడా ఎక్కువే తాగుతుంది. అమెరికా, ఐరోపాల్లో ఇలాంటివి కొత్తగా అమ్మరు. కానీ ఫోర్-స్ట్రోక్ కన్నా తేలిక, దీవుల్లో జాలర్లూ ఇవే వాడతారు కాబట్టి మెకానిక్, స్పేర్ పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి. అసలు టెన్షన్ పెట్రోల్లో కలిసే నీళ్లది. ట్యాంకుకీ మోటారుకీ మధ్య నీటిని వేరుచేసే ఫిల్టర్ పెట్టాక కార్బ్యురేటర్ విప్పే పని బాగా తగ్గింది.

దొంగతనాలు నిజమే. రాత్రి కాగానే డింగీని మోటారుతో సహా తాడుతో పడవ పక్కన పైకి లాగేస్తాం. ఒడ్డున స్టీలు కేబుల్, తాళం. మోటారు మీది స్టిక్కర్లు పీకేశాం, కొత్తదని తెలియకూడదని. ఇంజిన్ ఆపే తాడు మణికట్టుకు కట్టుకోకుండా మాత్రం స్టార్ట్ చేయకండి. అది లేకుండా నీళ్లలో పడితే, ఇంజిన్ ఆగక, తిరుగుతున్న ప్రొపెల్లర్‌తో డింగీ గుండ్రంగా మీ మీదకే వస్తుంది.

సెలవులకే పడవెక్కేవాళ్లకు ఇంత హంగామా అక్కర్లేదు. మడిచిపెట్టే చిన్న డింగీ, 3.5 హార్స్‌పవర్ మోటారు చాలు, ఒక్కరే ఎత్తుకోవచ్చు.