ఐరిష్ పాఠానికి త్యంగ్లన్: ఆరేళ్ళ వాడకం తర్వాత

డబ్లిన్ శివార్లలోని ఒక ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెబుతాను. ఐర్లండ్ బయట శిక్షణ పొందిన ప్రాథమిక పాఠశాల టీచర్లకు ఐరిష్ భాషా అర్హత కూడా సంపాదించాలన్న షరతుతోనే ఇక్కడ నమోదు దొరుకుతుంది. అలా నలభయ్యో ఏట మళ్ళీ అక్షరాలు దిద్దాను. పరీక్షకు చదివే రోజుల్లో త్యంగ్లన్ అనే ఐరిష్ నిఘంటువుల వెబ్‌సైటు తెరిచాను. ఆరేళ్ళు గడిచాయి, ఇప్పటికీ రోజూ మా తరగతి తెర మీద అది కనబడుతూనే ఉంటుంది.

ఐరిష్‌లో త్యంగ అంటే నాలుక, భాష కూడా. లన్ అంటే మన ‘ఆలయం’ లాంటిది, గ్రంథాలయంలో ఉన్నట్టు. భాషాలయం అన్నమాట. ఐరిష్ వ్యాప్తి కోసం పనిచేసే ప్రభుత్వ సంస్థ ఫోరస్ న గేల్గె దీన్ని నడుపుతుంది. రుసుము లేదు, ఖాతా తెరవనక్కర లేదు. 1959 నాటి ఇంగ్లిష్-ఐరిష్ నిఘంటువు, 1977 నాటి ఐరిష్-ఇంగ్లిష్ నిఘంటువు రెండూ ఇందులో ఉన్నాయి.

నాకు మాత్రం నిఘంటువుల కన్నా ఉచ్చారణ విభాగమే ప్రాణం. ఐర్లండ్‌లోని అల్‌స్టర్, కొనాక్ట్, మన్‌స్టర్ ప్రాంతాల మాండలికాల్లో మనుషులు పలికిన రికార్డింగులు అక్కడ వినవచ్చు. వేసవికి ఐరిష్‌లో రాసే మాటకు 8 అక్షరాలు. వినబడేవి సగమే. కొనాక్ట్ గొంతు ‘సౌర’ అంటుంది, అల్‌స్టర్ గొంతు ‘సౌరూ’ అంటుంది. ఒకసారి ఈ రెండూ వరుసగా వినిపించాను. ఎన్నడూ చెయ్యెత్తని ఒక పాప లేచి వచ్చి, అల్‌స్టర్ బొత్తాన్ని తానే మళ్ళీ నాలుగుసార్లు నొక్కింది. ‘మా మామో ఇలాగే అంటుంది’ అంది. మామో అంటే అమ్మమ్మో నానమ్మో. ఆమెది అల్‌స్టర్‌లోనే ఉన్న డోనెగల్‌లో ఐరిష్ మాట్లాడే ప్రాంతం. ఆ రోజు పాఠం అంతా ఆ పాపే నడిపింది.

మా పిల్లల చేతికి వచ్చిన ఒక అభ్యాస పుస్తకం మీద నాకు కోపం. ప్రతి ఐరిష్ మాట పక్కనా ఉచ్చారణను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిపెట్టారు. దాంతో పిల్లల నోట ప్రతి ‘త’ కూడా ‘ట’ అయిపోతుంది. ఐరిష్‌లో పిల్లిని ‘కత్’ అంటారు, నాలుక పళ్ళను తాకాలి. తెలుగు పిల్లలకు ఇది ఉగ్గుపాలతో వచ్చిన ధ్వని. తప్పుడు అక్షరాలు చూపించి వాళ్ళ చేత కూడా దాన్ని పోగొట్టించడం అన్యాయం. ముందు చెవికి మాట వినిపించాలి, అక్షరాల పని ఆ తర్వాత.

వ్యాకరణ విభాగం టీచర్ల కోసం. పిల్లి అని వెతికితే ఏకవచనం, బహువచనం, షష్ఠీ రూపాలు వరుసగా కనిపిస్తాయి. ‘పిల్లుల యొక్క’ అనే రూపంలో కకారం ముందు గకారం వచ్చి చేరుతుంది, ‘న గత్’ అని పలుకుతారు. రెండు అక్షరాలూ చదవాలా అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. ఈ మార్పును ఇక్కడ ఉరూ అంటారు. క, త, ప లు గ, ద, బ లవుతాయి. చూడగానే నాకు బడిలో వల్లించిన సరళాదేశ సంధి గుర్తుకొచ్చింది: పూచెను, కలువలు కలిస్తే పూచెనుఁగలువలు. ద్రుతం అంటే నకారమే కదా. ఉరూ కూడా ఒకప్పుడు ముందు మాట చివర ఉండి జారిపోయిన అనునాసికం వల్లే పుట్టింది. ఈ పోలిక తట్టాక ఇక బట్టీ పట్టాల్సిన అవసరమే రాలేదు.

త్యంగ్లన్ మాటల కోశం, వాక్యాలు చదివి వినిపించడం దాని పని కాదు. అందుకు డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాల వారి అబర్ అనే వెబ్‌సైటు వాడతాను. అది కంప్యూటర్ గొంతే అయినా మూడు మాండలికాల్లోనూ చదువుతుంది. కొత్త మాటలు కావలసినప్పుడు ఫోరస్ వారిదే, 2013లో ప్రజల ముందుకు వచ్చిన కొత్త ఇంగ్లిష్-ఐరిష్ నిఘంటువు తెరుస్తాను.

ఇక్కడి తెలుగు తల్లిదండ్రులు నన్ను తరచు అడిగేది ఐరిష్ చదవకుండా మినహాయింపు దొరుకుతుందా అని. పన్నెండేళ్ళు నిండాక విదేశాల నుంచి వచ్చి చేరినవారికి ఆ వీలుంది. నాలుగైదేళ్ళకే జూనియర్ ఇన్‌ఫాంట్స్‌లో, అంటే ప్రాథమిక బడి మొదటి ఏట, చేరిన మన పిల్లలు మాత్రం ప్రాథమిక బడిలోనే మొత్తం 8 ఏళ్ళు ఐరిష్ చదువుతారు. ఇంట్లో ఎవరికీ రాని భాషలో ఇంటిపని చేయాలంటే పిల్లలకు ఎంత బెంగగా ఉంటుందో రోజూ చూస్తున్నాను. అందుకే శుక్రవారం పరీక్షకు ఇచ్చిన మాటలను రాయించే ముందు, ఫోనులో త్యంగ్లన్ తెరిచి ఒక్కొక్కటి మూడేసిసార్లు వినిపించండి. మీరూ పిల్లలతో కలిసి పైకి అనండి. ఏ మాండలికం ఎంచుకోవాలో తెలియకపోతే టీచరును అడగండి. మా తరగతిది కొనాక్ట్, నేను భాష నేర్చుకున్నది ఆ ప్రాంతంలోని కొనెమారాలో కాబట్టి.