బైబిల్లో మొరటు మాట: ఉన్నదున్నట్టా, మెత్తబరిచా?

మొదటి సమూయేలు 25:22లో, తన మనుషులకు తిండి పెట్టనన్న ధనవంతుడు నాబాలు మీద కోపంతో ఊగిపోతున్న దావీదు, అతని వాళ్ళలో ఒక్క మగవాణ్ణీ తెల్లారేసరికి మిగల్చనంటాడు, కానీ హీబ్రూలో అక్కడున్నది 'గోడకు ఉచ్చపోసేవాడు' అనే మాట. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదం దాన్ని అలాగే ఉంచేసింది, ఇప్పటివి చాలావరకు 'మగవాడు' అని సర్దేశాయి. మెత్తబరిస్తే ఇంటిల్లిపాదీ కూర్చుని చదువుకోవచ్చు, నిజమే. మరి 400 మందితో కత్తి కట్టుకుని బయల్దేరినవాడి కసి అందులో ఎక్కడుంది? ఫిలిప్పీ 3:8లో, క్రీస్తు కోసం తాను వదులుకున్నవాటి గురించి పౌలు వాడిన గ్రీకు మాట 'స్కుబల' కూడా అంతే, పెంట, పారేసే చెత్త రెండూ అందులోకే వస్తాయి. 'చెత్త' అంటే కంపు పోతుంది, 'పెంట' అంటే ముక్కు మూసుకుంటాం, ఆ వాక్యానికి కావాల్సింది ఆ అసహ్యమే. పసిపిల్లలకు చదివి వినిపించేటప్పుడు తప్ప, నేనైతే ఉన్నదున్నట్టు ఉంచిన అనువాదమే తీసుకుంటాను.