ఆరేళ్లుగా వాడిన ఆఫ్‌లైన్ మ్యాప్, ఒక రూళ్ల పుస్తకం: ఒంగోలు నుంచి సరిహద్దు దాకా, ఆపైన

దూర ప్రయాణం అనుకున్న రోజున మా ఇంట్లో రెండు వస్తువులు బల్ల మీదికి వస్తాయి. ఒకటి ఫోన్‌లోకి దించుకున్న ఆఫ్‌లైన్ మ్యాప్, రెండోది పెద్ద రూళ్ల పుస్తకం. 2019 నుంచి ఈ రెండింటినీ కలిపి వాడుతున్నాను. వీటి సాయంతోనే ఒంగోలు నుంచి సొంత కారులో ఒకసారి ఖాట్మండు వెళ్లి వచ్చాము, మరోసారి భూటాన్ సరిహద్దు దాకా నడుపుకుంటూ వెళ్లాము; మధ్యలో రామేశ్వరం, హంపి వంటి దగ్గరి ప్రయాణాలు చాలానే జరిగాయి. ఇంత వాడకం తర్వాత నాకు కలిగిన అభిప్రాయం ఇది: దారి విషయంలో, దూరం విషయంలో ఈ మ్యాప్‌ను నమ్మవచ్చు, కాలం విషయంలో మాత్రం, ముఖ్యంగా సరిహద్దు అవతలి కొండ దారుల్లో, అది చెప్పిన లెక్కను పుస్తకంలో మళ్లీ వేసుకోకుండా బయలుదేరకూడదు.

నేను వాడే యాప్‌కు ఆధారం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారం. 2004లో మొదలైన ఆ పటాన్ని ప్రపంచమంతటా స్వచ్ఛంద సేవకులే గీస్తున్నారు, దిద్దుతున్నారు. నేపాల్ భాగం ఎంత వివరంగా ఉందో చూసి మొదట నాకు ఆశ్చర్యం కలిగింది. కారణం తరువాత తెలిసింది. 2015 ఏప్రిల్ 25న వచ్చిన భూకంపం తర్వాత, సహాయక బృందాలకు దారి తెలియాలని, ఎన్నో దేశాల నుంచి వేలమంది ఉపగ్రహ చిత్రాలు చూసి అక్కడి ఊళ్లను, బాటలను, ఇళ్లను గీశారు. ప్రాణాలు కాపాడటానికి గీసిన ఆ గీతల మీదనే నాలుగేళ్ల తర్వాత మేము కారు నడిపామన్న సంగతి గుర్తు వచ్చినప్పుడల్లా వారి పట్ల కృతజ్ఞతతో మనసు నిండుతుంది. సరిహద్దు దాటగానే మన సిమ్‌లో డేటా ఆగిపోయినా, ఫోన్‌లోని జీపీఎస్‌కు ఉపగ్రహాల సంకేతం చాలు కాబట్టి మ్యాప్ పని చేస్తూనే ఉంటుంది. ఒక్క జాగ్రత్త అవసరం: డేటా లేనప్పుడు మొదటిసారి మన స్థానాన్ని పట్టుకోవడానికి జీపీఎస్ ఎక్కువ సేపు తీసుకుంటుంది కనుక, గేటు దాటక ముందే యాప్ తెరిచి ఉంచుకోవాలి.

నేపాల్ ప్రయాణానికి నవంబరు నెలను ఎంచుకున్నాము. వానాకాలంలో అక్కడి కొండచరియలు దారి మీద పడుతుంటాయి. డిసెంబరు, జనవరి నెలల్లో గంగా మైదానమంతా పొగమంచు కమ్ముకుని ఉదయం పూట బండి కదలదు. ఈ రెండు మాటలూ ఏ మ్యాప్‌లోనూ కనిపించవు. అందుకే పుస్తకంలో మొదటి పేజీ కాలానికే కేటాయించాను.

రెండో పేజీలో రోజుకు ఎన్ని కిలోమీటర్లో రాస్తూ ఉండగా, ఆర్టీసీలో ముప్ఫై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మా పెద్ద బావమరిది కావలి నుంచి వచ్చి చూశారు. "కిలోమీటర్లు రాస్తే ఏం తెలుస్తుంది బావా? గంటలు రాయండి. పొద్దున ఆరింటికి తీస్తే సాయంత్రం ఐదింటికల్లా బండి ఆగిపోవాలి," అన్నారు. ఆ మాటతో పేజీ మొత్తం కొట్టివేసి మళ్లీ రాశాను. ఒంగోలు నుంచి అద్దంకి, నార్కెట్‌పల్లి మీదుగా హైదరాబాదు చేరి, అక్కడి నుంచి 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని మొదటి రాత్రి కామారెడ్డిలో, రెండో రాత్రి నాగ్‌పూర్‌లో ఆగాము. మూడో రోజు కావాలనే తక్కువ దూరం పెట్టుకున్నాము. నాగ్‌పూర్ దాటాక పెంచ్ అడవిలో జంతువులు కింద నుంచి దాటిపోయేలా రహదారిని ఎత్తు మీద కట్టిన చోట్లు చూసుకుంటూ జబల్‌పూర్ చేరి, సాయంత్రం భేడాఘాట్ జలపాతం దగ్గర కూర్చున్నాము. తరువాతి రెండు రాత్రులు ప్రయాగ్‌రాజ్, గోరఖ్‌పూర్. ఇలా సుమారు 1,850 కిలోమీటర్లు నడిపిన తర్వాత కూడా ఎవరికీ నడుము పట్టలేదు, ఎవరి మీదా ఎవరికీ కోపం రాలేదు. మైదానంలో యాప్ చెప్పిన కాలానికి పావు వంతు కలుపుకుంటే చాలునని అప్పుడే తేలింది.

గోరఖ్‌పూర్ నుంచి నేపాల్ సరిహద్దు ఊరు సునౌలీ వంద కిలోమీటర్ల లోపే. అయినా ముందు రాత్రి గోరఖ్‌పూర్‌లోనే ఆగడానికి కారణం ఉంది. వాహనానికి అనుమతి ఇచ్చే నేపాల్ కస్టమ్స్ కార్యాలయాన్ని అక్కడ భన్సార్ అంటారు. అక్కడ ఉదయం పూట నిలబడితే ఆ పని ఎంత ఆలస్యమైనా పగటి వెలుతురులోనే పూర్తవుతుంది. బండి ఆర్‌సీ, లైసెన్సు చూపి, ఎన్ని రోజులు ఉంటామో చెప్పి, రోజుల లెక్కన రుసుము కట్టాలి. గడువు దాటితే జరిమానా పడుతుంది కాబట్టి మనం అనుకున్నదానికి ఒక రోజు కలిపి కట్టడం మంచిది. మాకు ఆ అదనపు రోజు నిజంగానే అవసరమైంది. మనుషులకు వీసా అక్కరలేదు గానీ పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి. ఆధార్ మీద ఆధారపడి వెళ్లకూడదు. మేము వెళ్లినప్పుడు వంద రూపాయలకు మించిన మన నోట్లు అక్కడ చెల్లేవి కావు కనుక వంద నోట్ల కట్టలు తీసుకువెళ్లాము. మన వందకు వారి 160 రూపాయలు. ఈ మారకం స్థిరంగా ఉంటుంది. నేపాల్ గడియారం మనకన్నా 15 నిమిషాలు ముందు నడుస్తుంది. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, ఆఫీసు మూసే వేళకు చేరేవారికి ఆ పావుగంటే తేడా తెస్తుంది.

బీమా గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన కారు బీమా సాధారణంగా భారతదేశపు హద్దుల్లోనే వర్తిస్తుంది. అదనపు ప్రీమియం కట్టి నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు, పాకిస్తాన్‌లకు పొడిగించుకునే వీలు ఉంది. మేము అడిగిన చోట ఉద్యోగి అటువంటిది అక్కరలేదని తేలికగా తీసేశారు. మా ఆవిడ మాత్రం పాలసీ కాగితం తెరిచి, భౌగోళిక హద్దు అని రాసి ఉన్న వాక్యం మీద వేలు పెట్టి చూపించి, పొడిగింపు కాగితం చేతికి వచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు. ఆ కాగితం తెరవవలసిన అవసరం రాలేదు. అయినా నేపాల్‌లో స్టీరింగు పట్టుకున్న ప్రతి గంటా అది డ్యాష్‌బోర్డులో ఉన్నదన్న ధైర్యంతోనే నడిపాను.

యాప్ లెక్క పూర్తిగా తప్పింది ముగ్లింగ్ దాటిన తర్వాత. లుంబినీలో రెండు రాత్రులు గడిపి, ఉదయం ఆరింటికి బయలుదేరి, నారాయణ్‌ఘాట్ మీదుగా మధ్యాహ్నానికి ముగ్లింగ్ చేరాము. అక్కడి నుంచి ఖాట్మండు 110 కిలోమీటర్లు. యాప్ మూడు గంటల లోపేనని చూపింది. త్రిశూలి నది పక్కన దారి అందంగానే సాగింది గానీ, నౌబిసే దగ్గర ఎత్తు ఎక్కడం మొదలయ్యేసరికి సరుకు లారీలు ఒకదాని వెనుక ఒకటి నిలిచిపోయి ఉన్నాయి. చీమకుర్తి గ్రానైట్ లారీల వెనుక ఓపికగా నడపడం మాకు అలవాటే. ఆ అలవాటు కూడా అక్కడ సరిపోలేదు. రాత్రి ఏడు దాటాక, ముక్కు మండే దుమ్ములో, తెలియని నగరంలోకి దిగాము. యాప్ మమ్మల్ని ఒక బజారు సందులోకి మళ్లించింది, అక్కడ కారు తిరిగే చోటు కూడా లేదు. మాతో వచ్చిన మా బావమరిది దిగి, ముందు నడుస్తూ, మోటారు సైకిళ్ల వారిని బతిమాలి దారి చేయించారు. ఆ రాత్రి పుస్తకంలో రాసుకున్న నియమాన్ని ఇప్పటికీ పాటిస్తున్నాను: కొండ దారికి యాప్ చెప్పిన కాలాన్ని రెట్టింపు చేయాలి, కొత్త నగరంలోకి చీకటి పడ్డాక ప్రవేశించకూడదు.

2023 మార్చిలో భూటాన్ వైపు వెళ్లినప్పుడు మ్యాప్ కన్నా పుస్తకమే ఎక్కువ పని చేసింది. 16వ నంబరు రహదారి మీద విశాఖ, భువనేశ్వర్ దాటి కోల్‌కతా, అక్కడి నుంచి ఫరక్కా ఆనకట్ట మీదుగా సిలిగురి, ఆపైన తేయాకు తోటల మధ్య మన వైపు సరిహద్దు ఊరు జైగావ్. మొత్తం సుమారు 2,100 కిలోమీటర్లు. 2022 సెప్టెంబరులో భూటాన్ తలుపులు మళ్లీ తెరిచినప్పటి నుంచి భారతీయులకు కూడా తలకు, రాత్రికి 1,200 రూపాయల రుసుము ఉంది. మేము వెళ్లినప్పుడు మన కారును, జైగావ్ అవతలి భూటాన్ ఊరైన ఫుంట్‌షోలింగ్ దాటించాలంటే రోజుకు 4,500 వేరుగా కట్టవలసి ఉండేది. ఐదు రోజులకు లెక్క వేస్తే కారుకే 22,500 అయింది. ఒంగోలులో బల్ల దగ్గరే ఈ అంకె తేలింది కాబట్టి, కారును సరిహద్దులో సురక్షితమైన చోట ఉంచి, భూటాన్ కారు మాట్లాడుకున్నాము. సొంత చక్రాల మీద థింపూ చేరలేదన్న వెలితి నాకు ఉంది. అయినా సరైన నిర్ణయమే తీసుకున్నామని నమ్ముతున్నాను. ఆ దారిలోనూ నా చేతిలో మ్యాప్ తెరిచే ఉంచాను. సుమారు 150 కిలోమీటర్లకు యాప్ మూడున్నర గంటలు చూపగా, ఆ కొండలు తెలిసిన స్థానిక డ్రైవరుకు కూడా దాదాపు ఐదు గంటలు పట్టింది.

యాప్‌లో నాకు నచ్చని అంశాలు ఇంకా కొన్ని ఉన్నాయి. పెట్రోలు బంకులు కనిపిస్తాయి గానీ అవి తెరిచి ఉన్నాయో లేదో తెలియదు. అందుకే సగం ట్యాంకు తగ్గగానే నింపుకుంటాము. బయలుదేరే వారం ముందు ప్రతి రాష్ట్రం పటాన్నీ కొత్తగా దించుకోకపోతే ఈ మధ్య వేసిన బైపాసులు అందులో ఉండవు. తెలుగులో ఊరి పేరు రాసి వెతికితే మన ప్రాంతంలో కూడా కొన్నిసార్లు దొరకదు.

వచ్చే నవంబరులో సీతామఢీ మీదుగా సరిహద్దు దాటి నేపాల్‌లోని జనక్‌పూర్ వెళ్లాలని మా అత్తగారు నెల్లూరు నుంచి ఫోన్ చేసి అడిగారు. బిహార్ పటం ఇప్పటికే దించుకున్నాను. పుస్తకంలో కొత్త పేజీ తెరిచి ఎడమ వైపు ఊళ్ల పేర్లు రాశాను. కుడి వైపు గంటలు రాయడానికి ఆదివారం మా బావమరిది వస్తున్నారు.