ఊరి పేరా, కంపెనీ పేరా? ఫిలిప్పీన్స్, జపాన్ బాస్కెట్‌బాల్ లీగుల్లో ఏది మేలు

దుబాయ్‌లో ఒక గోడౌన్ ఆఫీసులో పనిచేసిన రోజుల్లో నా పక్క బల్ల ఒక ఫిలిప్పీన్స్ మిత్రుడిది. ఆయనది ఇలోయిలో. మనీలాలో సాయంత్రం ఆట మొదలయ్యే వేళకు మాకు మధ్యాహ్న భోజనాల సమయం. అన్నం డబ్బాకు ఫోను ఆనించి, చెంచా గాలిలోనే ఆపేసి బాస్కెట్‌బాల్ చూసేవాడు. "మీ ఊరి జట్టు ఏది?" అని ఒకరోజు అడిగాను. "మా ఊరికి జట్టు లేదు. నాది జినెబ్రా" అన్నాడు, వాళ్ల ఉచ్చారణలో హినెబ్రా. అదేదో ఊరు కాబోలనుకున్నాను. కాదట. జిన్ సీసా మీద ఉండే పేరు.

ఆయన అభిమానించేది ఒక మద్యం బ్రాండును. నవ్వొచ్చింది కానీ, తర్వాత ఆ లీగు గురించి తెలుసుకున్నకొద్దీ నవ్వు తగ్గింది. ఫిలిప్పీన్స్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్, అంటే పీబీఏ, 1975 ఏప్రిల్ 9న క్విజోన్ సిటీలోని అరనెటా కొలీసియంలో మొదలైంది. అమెరికా ఎన్‌బీఏ తర్వాత ఆగకుండా నడుస్తున్న ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగుల్లో ఇదే పాతది, ఆసియాలో మొట్టమొదటిది. మొదటి ఏడాది తొమ్మిది జట్లు, తొమ్మిదీ కంపెనీలవే. యాభై ఏళ్లు గడిచినా పద్ధతి మారలేదు. కరెంటు కంపెనీకో జట్టు, ఫోన్ కంపెనీకో జట్టు, రంగుల కంపెనీకో జట్టు. ఏ జట్టుకూ సొంత ఊరు లేదు. ఎక్కువ ఆటలు మనీలా చుట్టుపక్కల ఉన్న రెండు మూడు పెద్ద స్టేడియాల్లోనే, ఒకే టికెట్టు మీద రెండేసి ఆటలుగా జరుగుతాయి.

జపాన్ బి.లీగ్ దీనికి పూర్తి విరుద్ధం. అక్కడ ప్రతి జట్టుకూ ఒక ఊరుంది, పేరులో ఆ ఊరో ప్రాంతమో ఉంటుంది. వయసులో చిన్నది, 2016 సెప్టెంబరు 22న పుట్టింది. ఆ పుట్టుక అంత సులువుగా జరగలేదు. మన దేశంలోనూ బాస్కెట్‌బాల్ లీగు పెట్టాలన్న మాట మళ్లీ మళ్లీ వస్తుంటుంది కాబట్టి ఈ రెండు దారుల్లో ఏది మేలో చూద్దాం. నా మొగ్గు ఎటో ముందే చెబుతాను: జపాన్ వైపు. అయితే ఆ మాట ఆ మిత్రుడి ఎదుట అనడానికి నాకు ధైర్యం చాలదు.

ఎందుకంటే ప్రేమ సంగతి వస్తే పీబీఏకు సాటి వచ్చే లీగు ఆసియాలో లేదు. తొలి దశాబ్దమంతా క్రిస్పా, టొయోటాలదే. క్రిస్పా బట్టల కంపెనీ. టొయోటా జట్టును నడిపింది అక్కడ ఆ కార్లు తయారుచేసిన డెల్టా మోటార్. క్రిస్పా 13 టైటిళ్లు గెలిస్తే టొయోటా 9 గెలిచింది. 1977లో ఒక ఆట తర్వాత రెండు జట్లూ కొట్టుకుంటే, మార్షల్ లా రోజులు కావడంతో ఆటగాళ్లను ఫోర్ట్ బోనిఫాసియో సైనిక శిబిరానికి తీసుకెళ్లి నిర్బంధించారు. ఇళ్లలో అన్నదమ్ములు రెండు పక్షాలుగా చీలిపోయిన కాలం అది.

తర్వాత ఏమైంది? 1980ల మొదట్లో డెల్టా మోటార్ వ్యాపారం దెబ్బతింది. 1984 సీజనుకల్లా టొయోటా జట్టు లేదు. ఆ సీజను ముగిశాక క్రిస్పా కూడా తన స్థానాన్ని చమురు కంపెనీ షెల్‌కు అమ్ముకుని తప్పుకుంది. దేశాన్ని రెండుగా చీల్చిన రెండు జట్లూ రెండేళ్లలో మాయమయ్యాయి. ఓడిపోయి కాదు, ప్రేక్షకులు రాక కాదు. కంపెనీ ఖాతా పుస్తకంలో లెక్క కుదరలేదు, అంతే. కంపెనీ జట్టు ఆయుష్షు కంపెనీ ఆయుష్షే.

ఇది తెలుగువాళ్లకు కొత్త కథేమీ కాదు. 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ చార్జర్స్ యాజమాన్యం అప్పుల్లో కూరుకుపోయాక 2012లో ఏమైందో చూశాం. కాకపోతే అక్కడ హైదరాబాద్ అనే ఊరు మిగిలింది. ఆ ఖాళీలోకి సన్‌రైజర్స్ వచ్చింది, ఉప్పల్ స్టేడియం మళ్లీ నిండింది. టొయోటా అభిమానికి అలా మిగిలిందేమీ లేదు.

మిగిలింది ఒక మనిషి. రాబర్ట్ జవోర్‌స్కీ. టొయోటా మూతపడ్డాక ఆయన జిన్ కంపెనీ జట్టులో చేరాడు. అభిమానులు సామాన్లు సర్దుకుని ఆయన వెంట కదిలారు. 1985లో ఒక ఆట. ఎదుటి జట్టు సిమెంటు కంపెనీ పేరుతో ఆడుతున్న జాతీయ జట్టు (అవును, జాతీయ జట్టుకు కూడా కంపెనీ పేరే). మోచేతి దెబ్బకు జవోర్‌స్కీ పెదవి చీలింది. ఆసుపత్రికి తీసుకెళ్లారు, తొమ్మిది కుట్లు పడ్డాయి. ఇక రాడనే అందరూ అనుకున్నారు. మూతికి కట్టుతో తిరిగొచ్చి మళ్లీ కోర్టులోకి దిగాడు. అప్పటికి వెనకబడి ఉన్న జినెబ్రా పుంజుకుని గెలిచింది. చచ్చినా లొంగనిదన్న పేరు ఆ జట్టుకు ఆ రాత్రే వచ్చింది. 1998లో సెనేటరయ్యే నాటికి కూడా జవోర్‌స్కీ ఆ జట్టుకు కోచ్ కమ్ ఆటగాడే. అప్పటికి యాభై దాటాయి.

జట్టు పేరు ఇప్పుడు బరంగాయ్ జినెబ్రా. బరంగాయ్ అంటే వాళ్ల పాలనలో అన్నిటికన్నా చిన్న విభాగం, మన పేట, వాడ లాంటిది. జిన్ కంపెనీ జట్టు తెలివిగా పేరులో 'వాడ' కలుపుకుంది. ఒక ఊరిది కాదు కాబట్టి అన్ని వాడలదీ అయింది. 2023 జనవరిలో హాంకాంగ్ నుంచి అతిథిగా వచ్చిన బే ఏరియా డ్రాగన్స్‌తో ఫైనల్ ఏడో ఆటకు ఫిలిప్పీన్ అరీనాకు 54,589 మంది వచ్చారు. బి.లీగ్‌లో ఏ ఊరి జట్టూ అంతమందిని ఒకచోట చేర్చలేదు.

అయితే జినెబ్రాకు కుదిరింది అందరికీ కుదరలేదు. దాని సోదర జట్టు ప్యూర్‌ఫుడ్స్ సంగతి చూడండి. సాసేజీల పేరుతో మొదలై, మధ్యలో పశువుల దాణా బ్రాండయింది, తర్వాత కాఫీ పొడి పేరు పెట్టుకుంది, ఇప్పుడు కోడిమాంసం అమ్ముతోంది. 2014లో ఒకే సీజనులో జరిగే మూడు టోర్నీల టైటిళ్లూ గెలిచింది కాఫీ పేరుతోనే. ఆ ఏడాది కొన్న చొక్కా ఇప్పుడు వేసుకుంటే మనవడికి వివరించి చెప్పాలి.

సముద్రం దాటి జపాన్‌కు వెళితే, ఒకప్పుడు అక్కడా ఇదే తీరు. కంపెనీల లీగు ఉండేది. చాలామంది ఆటగాళ్లు ఆ కంపెనీల ఉద్యోగులే. అది నచ్చనివాళ్లు 2005లో ఆరు జట్లతో బీజే లీగ్ పేరిట ఊళ్ల లీగు వేరుగా పెట్టుకున్నారు. పదేళ్లపాటు ఒకే దేశంలో రెండు లీగులు, ఒకరి ముఖం ఒకరు చూడలేదు. ఈలోగా 2013లో పానాసోనిక్ ఖర్చు తగ్గించుకోవడానికి తన జట్టును మూసేసింది. అంతర్జాతీయ సమాఖ్య ఫిబాకు ఓపిక నశించి 2014 నవంబరులో జపాన్‌ను సస్పెండ్ చేసింది. ఇంట్లో గొడవ తేల్చుకుని రండి, అప్పటిదాకా అంతర్జాతీయ ఆటలు లేవంది.

తేల్చడానికి వచ్చినవాడు బాస్కెట్‌బాల్ మనిషి కాదు. జపాన్ ఫుట్‌బాల్ లీగు తొలి చైర్మన్ సబురో కవాబుచి. ఫుట్‌బాల్‌లో పెట్టిన మందే ఇక్కడా పెట్టాడు. పై అంచెలో ఆడాలంటే కనీసం 5,000 మంది పట్టే సొంత అరీనా ఉండాలి, ఇంటి ఆటల్లో ఎక్కువ భాగం అక్కడే ఆడాలి, జట్టు పేరులోంచి కంపెనీ పేరు తీసేయాలి. బయటివాడు కాబట్టే అంత నిష్కర్షగా చెప్పగలిగాడనిపిస్తుంది.

ఇక్కడే నాకు ఇష్టమైన ముడి ఉంది. ఫిలిప్పీన్స్‌లో కంపెనీతోపాటు మాయమైన పేరు టొయోటా. జపాన్‌లో కంపెనీ జట్లకు పెద్దన్న కూడా టొయోటాయే. కొత్త లీగులో చేరడానికి అది పేరు మార్చుకుని అల్వార్క్ టోక్యో అయింది. 2016 ప్రారంభ ఆటకు యొయోగి జిమ్నేజియంలో ఒకవైపు దాన్ని నిలబెట్టారు, మరోవైపు ఊళ్ల లీగు నుంచి వచ్చిన ఒకినావా జట్టు ర్యుక్యు గోల్డెన్ కింగ్స్‌ను. కోర్టు నేలంతా ఎల్ఈడీ తెరే. కాళ్ల కింద గీతలు, రంగులు మారుతుంటే ఆటగాళ్లు వెలుగుల మీద పరుగెత్తారు. 80-75తో టోక్యో గెలిచింది. కానీ తర్వాతి కథలో ఎక్కువ లాభపడింది ఒకినావాయే. 2021లో అక్కడ కొత్త అరీనా తెరిచారు, 2023లో ర్యుక్యు ఛాంపియన్ అయింది.

ఊరి జట్టులో కూడా కంపెనీ డబ్బే ఉంటుంది కదా అంటారా? ఉంటుంది. కవాసాకి జట్టు తొషీబాది. 2018లో డీఎన్ఏ అనే ఇంటర్నెట్ కంపెనీ చేతికి వెళ్లింది. యజమాని మారాడు. కవాసాకి మారలేదు, పేరు మారలేదు, చొక్కా పాతబడలేదు. నేను జపాన్ వైపు మొగ్గడానికి ఇదొక్కటి చాలు.

ఇక ఆటగాడి వైపు నుంచి చూస్తే తూకం బాగా ఒరిగిపోతుంది. పీబీఏలో నెలకు 4,20,000 పెసోలు గరిష్ఠ జీతం, అంటే ఏడాదికి యాభై లక్షల చిల్లర. బోనసులు వేరు. 2019లో చిబా జెట్స్ ఆటగాడు యుకి తొగాషి 10 కోట్ల యెన్‌ల జీతం అందుకున్న తొలి జపాన్ ఆటగాడయ్యాడు. అప్పటి మారకంలో అది మనీలా గరిష్ఠానికి దాదాపు తొమ్మిది రెట్లు. ఎత్తు ఎంతో తెలుసా? 167 సెంటీమీటర్లు. 2020లో బి.లీగ్ ఆసియా ఆటగాళ్లకు ప్రత్యేక కోటా పెట్టగానే ఫిలిప్పీన్స్ కుర్రాడు థర్డీ రవేనా సాన్-ఎన్ జట్టులో చేరాడు. మరుసటి ఏడాది అన్న కీఫర్ షిగాకు, బాబీ రే పార్క్స్ నగోయాకు, డ్వైట్ రామోస్ తొయామాకు వెళ్లారు. తర్వాత ఏడడుగుల మూడంగుళాల కై సొట్టో హిరొషిమాకు. కీఫర్‌ను వదలడానికి పీబీఏ మొదట ససేమిరా అంది, చివరికి దారిచ్చింది. కుర్రాళ్లు తలుపు దగ్గర వరుస కట్టాక గడియ వేసి లాభమేముంది?

పీబీఏలో నాకు అస్సలు మింగుడుపడనిది ఇంకొకటి ఉంది. పన్నెండు జట్లలో మూడు శాన్ మిగెల్ సంస్థవి (జినెబ్రా, ప్యూర్‌ఫుడ్స్ కూడా అందులోవే), మూడు ఫోన్ కంపెనీ టీఎన్‌టీ, కరెంటు కంపెనీ మెరాల్కోలను నడిపే మరో వ్యాపార సామ్రాజ్యానివి. 2017లో కియా జట్టు డ్రాఫ్టులో, అంటే కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, తనకు దక్కిన మొదటి ఎంపికను శాన్ మిగెల్‌కు ఇచ్చేసింది. అప్పటికే ఛాంపియన్‌గా ఉన్న జట్టు చేతికి ఆ ఏటి మేటి కుర్రాడు వెళ్లాడు. ఆ గొడవ లీగు కమిషనర్ పదవికే ఎసరు తెచ్చింది. మూడు జట్లు ఒకే జేబులోవైతే, అవి తమలో తాము తలపడినప్పుడు చూసేవాడి మనసులో ఒక మూల అనుమానం ఉండనే ఉంటుంది.

మరి ఊరి పద్ధతి ఫిలిప్పీన్స్‌లో ఎవరూ ప్రయత్నించలేదా అంటే, ప్రయత్నించారు. 1998లో మెట్రోపాలిటన్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్ పేరుతో ఊళ్ల జట్లు వచ్చాయి, 2002కల్లా ఆ లీగు మూతపడింది. ద్వీపం నుంచి ద్వీపానికి జట్లను తిప్పడమంటే మాటలు కాదు. బుల్లెట్ రైలు ఉన్న దేశంలో నడిచిన బండి విమానం తప్ప దారిలేని చోట నడవాలని లేదు. బాక్సర్ మానీ పాక్వియావ్ పెట్టిన మరో ఊళ్ల లీగు 2018 నుంచి ఆడుతోంది. అయినా పీబీఏ పెద్దరికం చెక్కుచెదరలేదు.

జాతీయ జట్టు విషయంలో 2023 ప్రపంచకప్పు మంచి కొలబద్ద. రెండు దేశాలూ సహ ఆతిథ్యమిచ్చాయి. ఒకినావాలో ఫిన్లండ్ మీద వెనకబడి ఉన్న జపాన్, 172 సెంటీమీటర్ల యుకి కవామురా చివరి క్వార్టరులో చెలరేగడంతో 98-88తో గెలిచింది. మొత్తం మూడు ఆటలు నెగ్గి పారిస్ ఒలింపిక్స్ బెర్తు పట్టుకుంది. కవామురా అప్పటికి బి.లీగ్‌లో యొకొహామా కుర్రాడు. ఫిలిప్పీన్స్ తొలి ఆటకు 38,115 మంది వచ్చారు, అది ప్రపంచకప్ రికార్డు. గెలిచింది మాత్రం చైనా మీద ఒక్క ఆట. అలాగని అక్కడే తీర్పు రాసేయలేం. నెల తిరక్కుండానే హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఫిలిప్పీన్స్ 1962 తర్వాత మొదటి స్వర్ణం గెలిచింది. గెలిపించింది జినెబ్రాకే ఆడే జస్టిన్ బ్రౌన్లీ.

పీబీఏ నుంచి నేను తప్పకుండా తీసుకునేది ఒకటుంది. ఏడాదిలో ఒక టోర్నీని విదేశీ ఆటగాళ్లు లేకుండా ఆడతారు. జూన్ మార్ ఫహార్దో లాంటి పొడగరి వరుసగా ఆరేళ్లు ఉత్తమ ఆటగాడైంది అలాంటి నేల మీదే. బి.లీగ్‌లో ఆట సాగినంతసేపూ ఇద్దరు విదేశీయులు కోర్టులో ఉండొచ్చు. బుట్ట కింద చోటు ఎప్పుడూ వాళ్లదే. జపాన్ నుంచి తొగాషిలు, కవామురాలు వస్తున్నారు కానీ పొడగరులు రావడం అరుదు.

జపాన్ కూడా మారుతోంది. 2026-27 సీజను నుంచి బి.ప్రీమియర్ అనే పై అంచెలోకి ఆటల ఫలితంతో ఎక్కడం దిగడం ఉండదు. 120 కోట్ల యెన్‌ల ఆదాయం, సగటున 4,000 మంది ప్రేక్షకులు, తగిన అరీనా ఉంటేనే చోటు. డ్రాఫ్టు, జీతాల పరిమితి కూడా వస్తున్నాయి. చిన్న ఊరి జట్టు గెలుచుకుంటూ పైకెక్కే దారి మూసుకుపోయింది. ఇది నాకు నచ్చలేదు.

మన దగ్గర జాతీయ పోటీల్లో ఇప్పటికీ రైల్వేస్, సర్వీసెస్, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్ పేర్లే వినిపిస్తాయి. ఆటగాడికి ఉద్యోగం దొరుకుతుంది, అది చిన్న విషయం కాదు. 2015లో వచ్చిన ప్రొఫెషనల్ లీగులో హైదరాబాద్ స్కై అనే జట్టు ఉండేది. ఎంతమందికి గుర్తుంది? పేరులో ఊరు ఉంటే సరిపోదు, ఏటా అదే ఊళ్లో, అదే కప్పు కింద ఆడాలి. మళ్లీ ఎవరైనా మొదలుపెడితే ఎనిమిది ఊళ్ల జట్లకన్నా నాలుగు ఊళ్లలో నాలుగు ఇండోర్ స్టేడియాలు ముందు ఖాయం చేసుకోమంటాను.

ఈ లెక్కంతా ఫోనులో ఆ మిత్రుడికి చెప్పాను. ఓపికగా విన్నాడు. జీతాల దగ్గర ఒప్పుకున్నాడు, యాజమాన్యాల దగ్గర నాకన్నా గట్టిగా తిట్టాడు. ఆఖర్న, "సరే, మా థర్డీ ఆడుతున్నాడు కదా, జపాన్ ఆటలు కూడా చూస్తున్నాను" అన్నాడు. ఏ జట్టుకు అభిమానివి అని అడిగితే ఆయనకు ఆ ఊరి పేరు గుర్తురాలేదు.